టాన్సిల్ పక్కన చీముగడ్డ: మాత్రలతో కరుగుతుందా, సూదితో తీయాలా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లెటూరు. మా ఆయనకి 34 ఏళ్లు. ఎనిమిది రోజుల క్రితం గొంతునొప్పి, జ్వరం మొదలయ్యాయి. ఊళ్లో డాక్టరు మూడు రోజులు ఇంజెక్షన్లు చేస్తే తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఇప్పుడు నొప్పంతా ఎడమవైపే. చెవిలోకి పోటు వస్తోంది. నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోవడం లేదు. పలాసలో చూపిస్తే టాన్సిల్ పక్కన చీము పట్టింది, సూదితో తీయాలన్నారు. గొంతులో సూది అనేసరికి ఆయన భయపడి ఇంటికి వచ్చేశారు. దానంతట అదే పగిలిపోతుందని మా అత్తగారు అంటున్నారు. మందులతో తగ్గదా? టాన్సిల్స్ కూడా తీసేయాలా?

జవాబు: అమ్మా, ఈ జవాబు మీకు చేరేలోపే మళ్లీ చూపించుకుని ఉంటే సంతోషం. లేదంటే ఇవాళే బయల్దేరండి, రేపటికి వాయిదా వద్దు. పలాసలో డాక్టరు చెప్పింది సరైన మాట.

మామూలు టాన్సిల్ నొప్పి సాధారణంగా రెండువైపులా ఉంటుంది, నోరు బాగానే తెరుచుకుంటుంది. ఇన్ఫెక్షన్ టాన్సిల్ దాటి దాని వెనక పొరలోకి దిగి చీము పడితే నొప్పి ఒక పక్కకి చేరుతుంది. పక్కనే ఉన్న దవడ కండరం బిగుసుకుపోయి నోరు తెరవనివ్వదు. గొంతుకీ చెవికీ ఒకే నరం కొమ్మలు వెళ్తాయి కాబట్టి చెవిలో పోటు వస్తుంది. కొండనాలుక రెండో పక్కకి ఒరుగుతుంది. మాట నోట్లో వేడన్నం ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. మీరు రాసిన లక్షణాలు దీనికే సరిపోతున్నాయి.

ఇక మందుల సంగతి. ఇంకా వాపు దశలోనే ఉంటే యాంటీబయాటిక్స్ ఇచ్చి ఒకటి రెండు రోజులు గమనిస్తాం. కొందరికి అంతటితో తగ్గిపోతుంది. చీము గూడు కట్టాక మాత్రం రక్తంలోంచి వచ్చే మందు దాని మధ్యలోకి సరిగా చేరదు. ఎన్ని ఇంజెక్షన్లు మార్చినా జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉండడానికి కారణం అదే. చీము బయటికి రావాలి.

మీ ఆయన భయం నాకు అర్థమవుతుంది. ఆయనకి ఇలా చెప్పండి. ముందు గొంతులో మొద్దుబారే మందు స్ప్రే చేస్తారు, తర్వాత వాపు మీద చిన్న మత్తు సూది. ఆపైన కాస్త లావు సూదితో చీము లాగుతారు. కొన్ని నిమిషాల పని. మెదడుకి వెళ్లే పెద్ద రక్తనాళం అక్కడికి రెండు సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ దూరంలోనే ఉంటుంది కాబట్టి దీన్ని ఈఎన్‌టీ డాక్టరే చేయాలి. సూది లోతుకి దిగకుండా తొడుగుతో అడ్డు కూడా పెట్టుకుంటారు. చీము ఎక్కువగా ఉన్నా, మళ్లీ చేరినా చిన్న కోత పెట్టి వదిలిస్తారు. ఉమ్మి కూడా మింగలేక వచ్చిన మనిషి ఆ సాయంత్రమే గంజి తాగడం నేను ఎన్నోసార్లు చూశాను.

మీ అత్తగారి మాట పూర్తిగా తప్పని అనను, కొన్ని గడ్డలు వాటంతట అవే పగులుతాయి. కానీ రాత్రి నిద్రలో పగిలితే ఆ చీము ఊపిరితిత్తుల్లోకి దిగవచ్చు. పగలకుండా ఉండిపోతే మెడలోకి, అక్కణ్ణుంచి ఛాతీలోకి పాకవచ్చు. వేలు పెట్టి నొక్కించడం అసలే వద్దు. ఊపిరి ఆడకపోయినా, ఉమ్మి మింగలేక కారిపోతున్నా, మెడ వాచినా వెంటనే 108కి ఫోన్ చేయండి. శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి వెళ్లవచ్చు. విశాఖలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది.

మీది సోంపేట వైపు అన్నారు కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో మీకు తెలుసు. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి ఇంజెక్షన్లు కిడ్నీల మీద భారం వేస్తాయి. ఎనిమిది రోజులుగా సరిగా నీళ్లు తాగలేని మనిషికి ఆ భారం ఇంకా ఎక్కువ. అందుకే చీము తీసే ముందే సెలైన్ పెట్టించండి, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయించండి. నొప్పికి పారాసెటమాల్ చాలావరకు సరిపోతుంది. షుగర్ కూడా చూడమనండి. షుగర్ ఉన్నవాళ్లలో ఈ ఇన్ఫెక్షన్ తొందరగా ముదురుతుంది, వాపు తగ్గడానికి ఒక్కోసారి ఇచ్చే స్టెరాయిడ్ కూడా షుగర్‌ని పెంచుతుంది.

చీము తీశాక పది నుంచి పద్నాలుగు రోజులు యాంటీబయాటిక్ వాడాలి. మూడో రోజుకే హాయిగా ఉంది కదా అని ఆపకూడదు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పాలి, వేరే మందు ఇస్తారు. నాలుగైదు రోజులు చల్లారిన గంజి, చోడి అంబలి, మెత్తటి అన్నం పెట్టండి. నోరు తెరుచుకున్నాక ఉప్పునీళ్లు పుక్కిలించవచ్చు. బీడీ, చుట్ట అలవాటుంటే మానాలి. పొగ తాగేవాళ్లలో ఈ గడ్డలు ఎక్కువ.

టాన్సిల్స్ ఇప్పుడే తీయాల్సిన అవసరం సాధారణంగా ఉండదు. ఈ గడ్డ నూటికి పది పదిహేను మందిలో మళ్లీ వస్తుంది. ఇదివరకు ఏడాదికి చాలాసార్లు టాన్సిల్ నొప్పి వచ్చి ఉంటే, లేదా ఇది రెండో గడ్డ అయితే, పుండు మానాక ఆరు వారాలకి ఆపరేషన్ గురించి ఆలోచిస్తాం. ఆయనకి ఇదే మొదటిసారైతే ఆ టెన్షన్ ఇప్పుడు వద్దు.

వెళ్లేటప్పుడు ఊళ్లో ఇచ్చిన ఇంజెక్షన్ల పేర్లు రాయించుకుని, ఖాళీ మాత్రల అట్టలతో సహా పట్టుకెళ్లండి. ఏ మందు ఎన్ని రోజులు పడిందో తెలిస్తే అక్కడి డాక్టరు తర్వాతి మందు సరిగా ఎంచుకోగలుగుతారు.