తాళం చెవి బియ్యం డబ్బాలో
(టీచరమ్మతో కాసేపు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్లో గుమాస్తాగా చేస్తాను. మా పాపకి మూడేళ్ళ రెండు నెలలు. వేసవిలో యార్డుకి సెలవులిచ్చినన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నాను, నా వెంటే తిరిగింది. మామూలు రోజుల్లో అయితే ఇంటికొచ్చి తలారా స్నానం చేస్తే తప్ప దాన్ని ఎత్తుకోను. ఆ ఘాటుకి దానికి తుమ్ములు ఆగవు.

జూన్ 12న దగ్గర్లోని ప్లే స్కూల్లో చేర్చాం. కొత్త గౌను వేసుకుని, నీళ్ళ సీసా మెడలో తగిలించుకుని, బండి ముందు నిలబడి దారిలో కనపడ్డవాళ్ళందరికీ టాటా చెప్పుకుంటూ వచ్చింది. లోపలికి వెళ్ళగానే ఇసకలో కూర్చుంది. ఆయమ్మ నా పక్కకొచ్చి, "ఆడుకుంటోంది సార్, ఇదే టైము, వెళ్ళిపోండి. చూసిందంటే ఏడుస్తుంది" అంది. చెప్పులు చేత్తో పట్టుకుని దొంగలా బయటపడ్డాను. లాడ్జి సెంటర్ దాటాక బండి పక్కకి ఆపి కాసేపు నిలబడ్డాను, ఎందుకో నాకే తెలీదు. పన్నెండింటికి వెళితే టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. గౌను చెయ్యంతా చీమిడి. నన్ను చూసి ఏడవలేదు, మొహం తిప్పుకుంది.

అప్పటి నుంచి నేను బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు బాదుతోంది. మొన్న బండి తాళం చెవి కనపడక గంటసేపు వెతికితే బియ్యం డబ్బాలో దొరికింది. రెండు రోజులు పంపితే రెండు రోజులు ఇంట్లో ఉంచేస్తున్నాం. మా అత్తగారు "పసిగుడ్డు, ఇంకో ఏడాది ఆగితే కొంప మునుగుతుందా" అంటారు. మా ఆవిడేమో "అందరూ ఏడ్చే కదా అలవాటుపడింది" అంటుంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: బాబూ, ముందు ఆ తాళం చెవి సంగతి. రెండుసార్లు చదువుకుని నవ్వుకున్నాను, క్షమించండి. నాన్నని తీసుకుపోయేది బండి, బండిని నడిపేది తాళం, తాళం లేకపోతే నాన్న ఎక్కడికీ పోడు. మూడేళ్ళ పిల్ల ఇంత లెక్క వేసిందంటే మీరు మురిసిపోవాలి.

బాత్రూమ్ తలుపు బాదడమూ అదే లెక్క. ఇసకలోంచి తలెత్తి చూసేసరికి మీరు లేరు. ఎప్పుడు వెళ్ళారో, మళ్ళీ వస్తారో రారో ఎవరూ చెప్పలేదు. ఒకసారి అలా మాయమైన మనిషి బాత్రూమ్‌లోంచి మాత్రం మాయం కాడని నమ్మకమేంటి? అమ్మానాన్నలు కనపడకపోతే భయపడటం ఏడాది, ఏడాదిన్నర వయసులో బాగా ఉండి, మూడేళ్ళు వచ్చేసరికి చాలామందిలో తగ్గుతుంది. కొత్త చోటు, కొత్త మనుషులు ఎదురైతే మళ్ళీ తల ఎత్తుతుంది. అది జబ్బు కాదు.

ఆయమ్మని ఏమీ అనకండి. ఆ మాట నేనూ చెప్పినదే. విజయవాడ సత్యనారాయణపురంలో 27 ఏళ్ళు నర్సరీ పిల్లలకి చెప్పాను. ఎన్నో ఏళ్ళు నేనూ "మెల్లిగా జారుకోండమ్మా" అనే అన్నాను. జూన్‌లో ఒకడు గుక్కపెట్టాడంటే మిగతా ఇరవైమందీ అందుకుంటారు, ఆ గోల పడలేక. పిల్ల సుఖం కోసం చెప్పిన మాట కాదది, మా సుఖం కోసం.

నా కొడుకుని అదే బళ్ళో, నా పక్క గదిలో వేశాను. "ఇప్పుడే వస్తా నాన్నా" అని చెప్పి గోడ ఇవతలికి వచ్చి, వాడి ఏడుపు వింటూ నా గదిలోని పిల్లల చేత చప్పట్లు కొట్టించాను. అన్నాల బెల్లు కొట్టాక వెళితే వాడు కిటికీ ఊచ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊచల తుప్పు బుగ్గ మీద రెండు గీతలుగా అంటుకుంది. "ఇప్పుడే అంటే ఎంతమ్మా?" అన్నాడు. ఆ మర్నాటి నుంచి ఏ తల్లికీ జారుకోమని చెప్పలేదు. తోటి టీచర్లు విసుక్కున్నారు, నిజమే, మొదటి వారం మా గది చేపల బజారే.

కాబట్టి చెప్పి వెళ్ళండి. గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, మొహం చూస్తూ చెప్పండి. "పన్నెండింటికి వస్తా" అంటే పాపకేం అర్థమవుతుంది? పాప రోజులోంచి చెప్పాలి. "నేను యార్డుకి వెళ్ళి మిర్చి బస్తాలు లెక్కపెడతాను. నువ్వు ఆడుకుని, డబ్బా తిని, బొమ్మలు సర్దేస్తావు. అప్పుడు నేను ఇక్కడే, ఈ గేటు దగ్గరే ఉంటాను." అంతే, ముద్దు పెట్టి వచ్చేయండి. ఏడుస్తుంది. ఏడవనివ్వండి, వెనక్కి మాత్రం రాకండి. వస్తే, ఇంకొంచెం గట్టిగా ఏడిస్తే నాన్న వస్తాడని నేర్పినట్టే. పది నిమిషాలాగి టీచర్‌కి ఫోన్ చేయండి, చాలామంది పిల్లలు అప్పటికే ముక్కు తుడుచుకుని ఏదో ఒకటి గెలుకుతూ ఉంటారు.

వస్తానన్న వేళకి అయిదు నిమిషాలు ముందే ఉండండి. పొద్దున యార్డులో వేలం పాటల హడావుడి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. రాలేని రోజు అమ్మమ్మ వస్తుందని ముందే చెప్పండి, అమ్మమ్మనే పంపండి.

ఇంకో మాట ఇంట్లో పెద్దవాళ్ళకి నచ్చకపోవచ్చు. పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఆ రోజు చెప్పకుండా వెళ్ళాను, తప్పు నాదే" అనండి. మొహం తిప్పుకుందని బాధపడుతున్నారు. అలిగింది బాబూ. అలకకి బతిమాలడమే మందు.

డబ్బా సంగతి కూడా చూడండి. బెంగతో తినలేదని మీరు అనుకుంటున్నారు, అసలు ఆ మూత పాపకి వస్తుందా? బిగుతు స్టీలు డబ్బాలు, క్లిప్పుల డబ్బాలు నాకే ఓ పట్టాన రావు. ఇంట్లో నాలుగు రోజులు పాప చేతే తీయించండి. ఇడ్లీ ముక్కలో అరటిపండో, చేత్తో పట్టుకుని తినేది పెట్టండి. ఒంటికి వెళ్ళాలంటే ఇంట్లో పాప ఏ మాట అంటుందో అది టీచర్‌కి చెప్పారా? టీచరు "వాష్‌రూమా?" అని అడుగుతుంది, పిల్లకి ఆ మాటే తెలీదు, గౌను తడుపుకుని ఆ సిగ్గుతో మర్నాడు బడికి రానంటుంది. ఇలాంటివి కనీసం వందసార్లు చూశాను.

మీ వాసనున్న రుమాలు ఒకటి బ్యాగులో పెట్టమని మామూలుగా చెబుతుంటాను. మీ విషయంలో మాత్రం ఉతికినదే పెట్టండి. యార్డు రుమాలుతో కళ్ళు తుడుచుకుందంటే ఇక ఆ స్కూలు గడప తొక్కదు.

ఇక అత్తగారి మాట. ఆవిడన్నదాంట్లో నిజముంది. 2009 విద్యాహక్కు చట్టం నిర్బంధ చదువు అన్నది ఆరేళ్ళ నుంచి. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ముందు మూడేళ్ళు ఆటపాటల చదువు ఉండాలంటుంది, అది మొదలయ్యేది మూడేళ్ళకే. అంగన్‌వాడీలో పూర్వ ప్రాథమిక విద్యా మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకే. అంటే మీ పాపకి ఇది మరీ తొందరా కాదు, ఒక ఏడు ఆగితే మునిగేదీ లేదు. పంపితే రోజూ పంపండి, మానితే పూర్తిగా మానండి. రెండు రోజులు పంపి రెండు రోజులు ఉంచితే ప్రతిసారీ మొదటి రోజే అవుతుంది. నా సలహా, నెల రోజులు వరసగా పంపి చూడమని. ఆదివారం తర్వాత సోమవారం మళ్ళీ మొదటికొస్తుంది, కంగారుపడకండి. నెల దాటినా బళ్ళో తినక, ఆడక, నోరు విప్పక ఉన్నా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, ఒంటి మీద దెబ్బలు కనపడినా ఊరుకోవద్దు. చెప్పకుండా ఒకసారి బడికి వెళ్ళి చూడండి, పిల్లల డాక్టరుకీ చూపించండి. అల్లరి చేసినప్పుడు "మీ టీచర్‌కి చెబుతా" అనే బెదిరింపు మాత్రం ఇంట్లో ఎవరినీ అననివ్వకండి.

మీ ఉత్తరం నాకు చేరి, ఇది అచ్చయి మీ చేతికొచ్చేసరికి పాప అలవాటుపడిపోయి ఉండొచ్చు కూడా. లేకపోతే ఇలా చేయండి. తాళం చెవిని పాపకే ఇవ్వండి. బండి దిగగానే తాళం తీసి పాప చేతిలో పెట్టండి. ఎక్కడికి వెళతారో, ఎప్పుడు వస్తారో చెప్పాక, తనే తిరిగి మీ చేతికివ్వాలి. మొదటి రెండు రోజులు పిడికిలి విప్పదు. ఓ పావుగంట ముందు బయల్దేరండి. డూప్లికేట్ తాళం ఒకటి జేబులో ఉంచుకోండి, బయటికి మాత్రం తీయకండి.