పాత ఫొటోల థంబ్‌నెయిల్స్ మళ్లీ తయారు చేయాలంటే అడ్మిన్ పేజీ బటన్‌ని వదిలేయండి

మీ సైట్‌లో థంబ్‌నెయిల్ (ఫొటోకి బదులు చూపించే చిన్న బొమ్మ) సైజు 200 నుంచి 400 పిక్సెల్స్‌కి మార్చాక కొత్తగా ఎక్కించే ఫొటోలు బాగానే ఉన్నాయి, పాతవి మాత్రం మసకగా కనిపిస్తున్నాయి, అడ్మిన్ పేజీలో వాటిని మళ్లీ తయారుచేసే బటన్ నొక్కితే పని సగంలో ఆగిపోతోంది అన్నారు. నా సైట్‌లోనూ అచ్చం ఇదే జరిగింది.

ముందు ఒక్క పాత థంబ్‌నెయిల్‌ని సర్వర్‌లోనే తెరిచి కొలతలు చూడండి. అక్కడ 400 ఉండి బ్రౌజర్‌లో మసకగా ఉంటే తప్పు ఫైల్‌ది కాదు, క్యాష్‌ది, అంటే బ్రౌజర్ దాచుకున్న పాత కాపీది. ఫైల్ పేరు మారలేదు కాబట్టి పాత బొమ్మే వస్తోంది. లింక్ చివర వెర్షన్ నంబర్ తగిలిస్తే సరిపోతుంది.

అక్కడ కూడా 200 ఉంటే పని మొదలుపెట్టాల్సిందే, కానీ బటన్‌తో వద్దు. ఆ బటన్ వెనక పనిచేసేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష. వెబ్ నుంచి నడిస్తే దానికి డిఫాల్ట్‌గా 30 సెకన్ల గడువు. అది పెంచుకున్నా మెమరీ దగ్గర ఇరుక్కుంటారు. డిస్క్ మీద 5 ఎంబీ జేపెగ్ చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ 6000 × 4000 ఫొటోని విప్పితే 2.4 కోట్ల పిక్సెల్స్, ఒక్కోదానికి 4 బైట్లు చొప్పున దాదాపు 96 ఎంబీ. పీహెచ్‌పీ డిఫాల్ట్ మెమరీ పరిమితేమో 128 ఎంబీ. అంతకంటే కాస్త పెద్ద ఫొటో తగిలిందంటే అక్కడే పడిపోతుంది. నాది ప్రతిసారీ ఒకే చోట ఆగుతుంటే డిస్క్ పాడైందనుకుని రెండు రోజులు లాగ్‌లు (సర్వర్ రాసుకునే చిట్టాలు) తిరగేశాను. తీరా చూస్తే అక్కడున్నది ఓ పనోరమా, అంటే చాలా వెడల్పైన ఫొటో.

సరే, బటన్ వదిలేసి టెర్మినల్‌లోకి (కమాండ్లు టైప్ చేసే చోటుకి) దిగాను. అక్కడ ఇంకా పెద్ద తప్పు చేశాను. ఫొటోలని మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌లో మోగ్రిఫై అనే కమాండ్ ఉంది. అవుట్‌పుట్ ఎక్కడ పెట్టాలో పాత్ ఆప్షన్‌తో చెప్పకపోతే అది ఉన్న ఫైల్ మీదే రాసేస్తుంది. నేను చెప్పలేదు. పైగా ఒరిజినల్స్ ఉన్న ఫోల్డర్‌లోనే నిలబడి నడిపాను. ఆపేసరికి కొన్ని వందల ఒరిజినల్స్ 400 పిక్సెల్స్‌కి కుంచించుకుపోయాయి. బ్యాకప్ ఉంది కాబట్టి బతికాను, అదీ వారం కిందటిది. ఆ వారంలో ఎక్కించినవి పోయినట్టే.

ఇప్పుడు విప్స్‌థంబ్‌నెయిల్ అనే మరో కమాండ్‌ని ఒక చిన్న స్క్రిప్ట్‌తో వాడుతున్నాను. జేపెగ్‌ని విప్పేటప్పుడే సగానికో, పావుకో, ఎనిమిదో వంతుకో తగ్గించి చదువుతుంది కాబట్టి మెమరీ తక్కువ తింటుంది, వేగంగానూ ఉంటుంది. స్క్రిప్ట్ ఒరిజినల్స్‌ని చదవడం వరకే, రాసేదంతా వేరే కొత్త ఫోల్డర్‌లోకి. ప్రతి ఫైల్‌నీ ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాకే అసలు పేరుకి మారుస్తుంది. ఇప్పటికే ఉన్నవాటిని దాటేస్తుంది. దాంతో కరెంటు పోయినా, మీరే ఆపినా, మళ్లీ నడిపితే ఆగిన చోటు నుంచి అందుకుంటుంది, సగం రాసిన ఫైల్ సైట్‌లోకి రాదు. ప్రాసెసర్, డిస్క్ వాడకంలో ఈ పనిని వెనక్కి నెట్టే నైస్, అయోనైస్ కమాండ్లు తగిలించి నడిపితే సైట్ చూసేవాళ్లకి పెద్దగా ఇబ్బంది ఉండదు.

రూట్‌గా (సర్వర్‌లో అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) మాత్రం నడపకండి. కొత్త ఫోల్డరూ, అందులోని ఫైళ్లూ రూట్ పేరు మీద పడి, రేపు సైట్ నుంచి ఒక ఫొటో తీసేద్దామంటే దాని థంబ్‌నెయిల్ కదలదు. సైట్ ఏ యూజర్ పేరు మీద నడుస్తుందో ఆ వెబ్ సర్వర్ యూజర్‌గానే నడపండి.

మీరు ఇమేజ్‌మ్యాజిక్‌తోనే చేస్తానంటే, మెటాడేటా (ఫొటో ఫైల్‌లో దాగిన వివరాలు) తీసేసే ముందే ఫొటోని సరైన వైపుకి తిప్పే ఆటో ఓరియెంట్ ఆప్షన్ పెట్టండి. ఫోన్‌తో నిలువుగా తీసిన ఫొటో ఎటు తిరగాలన్న సమాచారం ఆ మెటాడేటాలోని ఎక్సిఫ్ అనే భాగంలోనే ఉంటుంది. అది పోయాక మనుషులంతా పక్కకి పడుకుని కనిపిస్తారు. పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీలని జేపెగ్‌గా మార్చేటప్పుడు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ చెప్పడం మర్చిపోతే వెనకంతా నల్లగా వచ్చే ప్రమాదం ఉంది.

మొదట ఓ 50 ఫొటోలతో నడిపి చూడండి. నిలువువి, పీఎన్‌జీలు, మీ దగ్గరున్న అతి పెద్ద ఫొటో అందులో తప్పకుండా ఉండాలి. అన్నీ అయ్యాక పాత, కొత్త థంబ్‌నెయిల్ ఫోల్డర్లలో ఫైళ్ల లెక్క సరిపోల్చి, అప్పుడు ఆ ఫోల్డర్ల పేర్లు మార్చుకోండి. పాత ఫోల్డర్‌ని నేను నెల దాకా ఉంచాను.