జాంబీ సినిమా అంటే తలుపు గురించిన సినిమా

"మీకు బాగా నచ్చిన జాంబీ సినిమాలు ఏవి? అసలు వాటిలో అంతగా ఆనందించడానికి ఏముంది?" అని అడిగారు. మొదటి ప్రశ్నకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయవచ్చు. రెండో దాని మీద మా ఇంట్లో ఏళ్ల తరబడి తగువు నడుస్తోంది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

జాంబీ సినిమాకు జాంబీని చూడటానికి ఎవరూ కూర్చోరు. జాంబీ అంటే చచ్చి లేచి మనుషులను కరిచే శవం, దాని కాటు పడినవాడూ జాంబీ అయిపోతాడు. కాలు ఈడ్చుకుంటూ వచ్చే శవాన్ని ఎంతసేపని చూస్తాం? పది నిమిషాలకు అలవాటైపోతుంది. మనం కూర్చునేది తలుపు కోసం. లోపల నలుగురు, బయట నాలుగు వందల మంది, మధ్యలో ఒక చెక్క తలుపు. దానికి ఏది అడ్డం పెట్టాలి, ఆలస్యంగా వచ్చి తట్టినవాడికి తీయాలా వద్దా, లోపల ఉన్నవాళ్లలో ఎవరి చేతికి కాటు పడింది, ఆ చేతిని చొక్కా కింద ఎవరు దాస్తున్నారు. ఇదే సినిమా అంతా. దెయ్యాల సినిమాలో ఈ సుఖం లేదు. దెయ్యం గోడలోంచి వచ్చేస్తుంది, మనం చేయగలిగింది ఏమీ ఉండదు. జాంబీకి గడియ చాలు. అందుకే చూసేవాడు ఊరికే కూర్చోలేడు, తానూ పనిలోకి దిగుతాడు.

కొన్నేళ్ల కిందట ఒక రాత్రి అక్క, బావగారు, నేను కలిసి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్' చూశాం. జార్జ్ రొమేరో తన 28వ ఏట, 1968లో, సుమారు లక్షా 14 వేల డాలర్లతో తీసిన నలుపు తెలుపు సినిమా. అక్కకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి. "అది రక్తం కాదు, చాక్లెట్ పాకం. రంగులు లేవు కాబట్టి ఎవరికీ తెలియలేదు" అని నచ్చజెప్పి కూర్చోబెట్టాను. తర్వాత జరిగిన దానికి నాదే పూచీ.

కథ చాలా చిన్నది. పొలాల మధ్య ఒక ఇల్లు, చుట్టూ శవాలు, లోపల ఏడుగురు. బెన్ అనేవాడు పైన, నేల అంతస్తులోనే ఉండి తలుపులకూ కిటికీలకూ చెక్కలు కొట్టేద్దామంటాడు. కూపర్ అనేవాడు నేలమాళిగలోకి పోయి తలుపు బిగించుకుందాం, దానికి ఒక్కటే తలుపు కదా అంటాడు. కూపర్ మొహం చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఎవరికైనా బెన్ నచ్చుతాడు, నాకూ అంతే. బావగారు మాత్రం నిదానంగా, "వాడు మంచివాడు కాకపోవచ్చు, కానీ లెక్క వాడిదే సరైంది" అన్నారు.

అక్క సినిమా ఆపేసింది. "ఒక్కటే తలుపు అంటే బయటపడే దారి కూడా ఒక్కటేనండీ!"

బావగారు బల్ల మీదున్న కవరు ఒకటి తిరగేసి ఇంటి పటం గీశారు. కిటికీలు ఎన్ని, మేకులు ఎన్ని కావాలి, ఒక్కో కిటికీకి కాపలా మనిషిని పెడితే నిద్రపోయేది ఎవరు. ఆయన రాస్తుంటే అక్క కొట్టేస్తూ పోయింది. కింద కూపర్ కూతురు జ్వరంతో పడి ఉంది, ఆ పిల్లను కరిచింది శవమే కదా, లోపలే జాంబీని పెట్టుకుని తలుపు బిగిస్తారా అని నిలదీసింది. బావగారి దగ్గర దానికి సమాధానం లేదు. "పిల్లను పక్కన పెట్టు, నేను గది గురించి మాట్లాడుతున్నాను" అన్నారు. 96 నిమిషాల సినిమా పూర్తయ్యేసరికి మాకు మూడు గంటలు పట్టింది.

ముగింపు ఇక్కడ చెప్పేస్తున్నాను. ఇంత పాత సినిమాకు దాపరికం ఏమిటి? పైన అన్ని తలుపులూ విరిగాక, బెన్ చివరికి తాను వద్దన్న ఆ నేలమాళిగలోనే దాక్కుని బతుకుతాడు. బావగారు లేచి నిలబడ్డారు, "చూశావా!" తెల్లవారాక బెన్ పైకి వస్తాడు, కాపాడటానికి వచ్చిన దండు అతన్నీ శవమనుకుని కాల్చేస్తుంది. అక్క బావగారి వైపు చూసింది. "నేను చెప్పేదీ అదే, కిందే ఉండాల్సింది" అన్నారాయన.

ఆ రాత్రి ఏ రెండింటికో చప్పుడైతే లేచి చూశాను. అక్క బాల్కనీ తలుపు దగ్గర ఉంది. ఆ తలుపు గడియ ఏడాదిగా రంధ్రంలో సరిగా పడదు, వేలెడంత బయటే నిలిచిపోతుంది. ఆమె కుర్చీ ఈడ్చుకొచ్చి పిడి కింద ఆనించి, రెండుసార్లు తలుపు లాగి చూసుకుని వెళ్లి పడుకుంది. మరుసటి ఆదివారం బావగారు స్క్రూడ్రైవర్ తీసి, ఎవరూ అడగకుండానే గడియ సరిచేశారు. ఏడాది పాటు ఆమె చెప్పినా కాని పని అది.

ఆగి వాదించుకోవాలనిపించకపోతే అది జాంబీ సినిమానే కాదని అప్పటి నుంచి నా అభిప్రాయం. ఈ లెక్కన జాంబీ నెమ్మదిగా నడవాలి. నడిస్తేనే మనకు ఆలోచించే వ్యవధి, తప్పుడు నిర్ణయం తీసుకునే వ్యవధి. పరుగెత్తే జాంబీ ఏ అవకాశమూ ఇవ్వదు, అది పిచ్చికుక్కతో సమానం. '28 డేస్ లేటర్' (2002) మంచి సినిమానే, ఖాళీ లండన్ వీధుల్లో హీరో ఒంటరిగా తిరిగే ఘట్టం నేనూ మళ్లీ మళ్లీ చూశాను. కానీ వాళ్లు చచ్చి లేచినవాళ్లు కారు, వైరస్ సోకిన బతికున్న మనుషులు. ఈ మాట అంటే కొట్టడానికి వస్తారు. రొమేరో మొదటి సినిమాలోనూ 'జాంబీ' అన్న మాట ఎక్కడా వినిపించదు కదా అని ఎదురు వాదిస్తారు. అది నిజమే, అయినా నా మాట మార్చుకోను.

ఇక నా జాబితా. రొమేరోదే 'డాన్ ఆఫ్ ది డెడ్' (1978), షాపింగ్ మాల్‌లో తలదాచుకున్న నలుగురి కథ. నిజమైన మాల్‌లో, దుకాణాలు మూసేశాక రాత్రిళ్లు తీశారు. ద్వారాలకు లారీలు అడ్డం పెట్టే భాగం నాకు ఏ యుద్ధ సినిమా కన్నా ఎక్కువ. తర్వాత 'షాన్ ఆఫ్ ది డెడ్' (2004). అది మా అక్కాబావలను చూసి రాసినట్టుంటుంది. ఎలా తప్పించుకోవాలో హీరో పథకం చెబుతాడు, మార్చి చెబుతాడు, మళ్లీ మార్చి చెబుతాడు. ప్రతిసారీ అది తనకు అలవాటైన బార్‌లో తీరిగ్గా కూర్చోవడంతోనే ముగుస్తుంది. జపాన్ సినిమా 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' (2017) నా తలుపు సిద్ధాంతానికి లొంగదు. మొదటి 37 నిమిషాలు ఒకే షాట్, నాసిరకంగా అనిపిస్తుంది. ఆపకండి, ఇంకేమీ చదవకండి.

ఒకటి రెండు ఫిర్యాదులు. ఈ మధ్య వచ్చే వాటిలో అంత చీకటి ఎందుకో అర్థం కాదు, తెరలో నా మొహమే కనిపిస్తోంది. నిశ్శబ్దంగా ఉన్నచోట హఠాత్తుగా డబ్బా కొట్టినట్టు శబ్దం పెట్టి ఉలిక్కిపడేలా చేయడాన్ని భయపెట్టడం అనరు. కూతురికి సమయం ఇవ్వని తండ్రి ఒకడు ప్రతి కథలోనూ ఉండి తీరాలా?

ఆ తండ్రి కొరియా సినిమా 'ట్రైన్ టు బుసాన్' (2016)లోనూ ఉన్నాడు. అందులో జాంబీలు పరుగెత్తుతాయి కూడా. అయినా ఆ సినిమాను క్షమించేశాను, ఎందుకంటే అది రైలు, పెట్టె పెట్టెకూ తలుపు! వాటికి తలుపు తీయడం రాదు, మనిషి కనబడితే మీద పడతాయి. అందుకని అద్దానికి నీళ్లు కొట్టి వార్తాపత్రికలు అంటిస్తారు, అంతే, అవతల అన్నీ నెమ్మదిస్తాయి. తడి కాగితం ఒక్కటే అడ్డం.

పోయిన నెల అక్క ఫోను చేసింది. ఇద్దరూ ఆ సినిమా చూశారట. ప్రాణాలకు తెగించి వచ్చినవాళ్లను లోపలికి రానివ్వకుండా పెట్టె తలుపు కట్టేసే ప్రయాణికులు ఉంటారు కదా, "మీ బావగారు వాళ్ల పక్షం" అంది. పొద్దున్నుంచీ ఆయనతో మాటల్లేవట. నువ్వు ఎటువైపో ఇప్పుడే చెప్పు అంది. వెనక నుంచి బావగారి గొంతు వినిపిస్తోంది, వాడిని తొందరపెట్టకు, ముందు లెక్క వేసుకోనివ్వు అని. సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.