ఎదురింటి మెస్‌కు ఎనిమిది కాసుల తాకట్టా?

ప్రశ్న: మాది విజయవాడ, మొగల్రాజపురం. ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం, జీతం 42,000. భార్య, ఒక పాప, మా అమ్మానాన్నలు నాతోనే ఉంటారు. మా ఎదురుగా పదిహేనేళ్ళుగా ఒక భోజనాల మెస్ నడుస్తోంది. పెళ్ళికాక ముందు నేను అక్కడే తిన్నాను, యజమానిని బాబాయి అనే పిలుస్తాను. 2020 లాక్‌డౌన్ తర్వాత జూన్‌లో తెరిచినా హాస్టళ్ళు నిండకపోవడంతో బేరం సగానికి పడిపోయింది. వేసవి వరకు నెట్టుకురావడానికి ఆయనకు 4 లక్షలు కావాలి. నా ఎఫ్‌డీ (3,10,000) బ్రేక్ చేసి అందులోంచి 1,50,000, మా ఆవిడ బంగారం ఎనిమిది కాసులు కుదువపెట్టి 2,50,000 వడ్డీ లేకుండా ఇవ్వాలని అనుకుంటున్నాను. ఈలోగా సరుకుల కోసం ఆయన తీసుకుంటున్న లక్ష రూపాయల డైలీ ఫైనాన్స్ (రోజూ కొంత కట్టే ప్రైవేటు అప్పు)కు హామీ సంతకం కూడా అడుగుతున్నారు. సరైన పనేనా? (పేరు రాయవద్దని కోరారు, లేఖను కుదించాం. పథకాలు, ధరలు, వడ్డీలు 2020 డిసెంబరు నాటివి.)

జవాబు: ఈ 2020 చలికాలంలో ఇలాంటి లేఖలు చాలా వస్తున్నాయి. వీధి చివరి టిఫిన్ బండికి, ఇంటి కింద టైలరుకు, కాలేజీ పక్క జిరాక్సు షాపుకు ఏదో ఒకటి చేయాలన్న తపన అన్నిటిలోనూ ఉంటుంది, ఆ తపనను నేను తప్పుపట్టను. అయితే దాదాపు అందరూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఎదుటివారి దుకాణానికి ఆదాయం తగ్గితే, తమ ఇంటి అత్యవసర నిధిని తీసుకెళ్ళి అందులో పోస్తున్నారు. మీ లేఖలో అంకెలు స్పష్టంగా ఉన్నాయి కనుక, మీ ఒక్కరి కోసమే కాకుండా అలాంటి వారందరి కోసం దీన్ని ఎంచుకున్నాను.

ముందుగా ఆ ఎఫ్‌డీ సంగతి. ఈఎంఐతో కలిపి మీ నెల ఖర్చు 36,000 అని వేరేచోట రాశారు. మామూలు రోజుల్లో ఆరు నెలల ఖర్చు, అంటే 2,16,000, చేతిలో ఉంటే చాలని చెప్పేవాడిని. మీ కంపెనీ ఏప్రిల్ నుంచి మూడు నెలలు జీతంలో కోత పెట్టింది, ఇంట్లో సంపాదించేవారు మీరొక్కరే, ఇద్దరు పెద్దవాళ్ళున్నారు. ఈ పరిస్థితిలో తొమ్మిది నెలల ఖర్చు, అంటే 3,24,000, ఉండాలి. మీ దగ్గర ఉన్న మొత్తం ఎఫ్‌డీ కూడా ఆ అంకెకు 14,000 తక్కువే. అందులోంచి లక్షన్నర తీస్తే నాలుగు నెలలకు కాస్త ఎక్కువగా మిగులుతుంది, ఆ నాలుగు నెలల్లోనూ బంగారం మీద వడ్డీ అదనపు ఖర్చుగా చేరుతుంది. మీరు దాన్ని ‘ఖాళీగా పడివున్న డబ్బు’ అని రాశారు. అది ఖాళీగా లేదు, మీ అమ్మానాన్నలకు, పాపకు కాపలా కాస్తోంది. దాన్ని కదపడానికి నేను ఒప్పుకోను.

బంగారం విషయంలో మీ లెక్క మరీ సన్నగా ఉంది. 2021 మార్చి నెలాఖరు వరకు బ్యాంకులు వ్యవసాయేతర అవసరాలకు బంగారం విలువలో 90 శాతం దాకా అప్పు ఇవ్వవచ్చని రిజర్వు బ్యాంకు 2020 ఆగస్టులో అనుమతించింది, అంతకు ముందు ఆ పరిమితి 75 శాతం. ఎనిమిది కాసుల మీద మీరు ఆశిస్తున్న 2,50,000 ఆ పెరిగిన పరిమితి వల్లనే సాధ్యమవుతోంది. ఆగస్టు మొదటి వారంలో పది గ్రాముల మేలిమి బంగారం 56,000 దాటింది, నవంబరు చివరికి 50,000 కిందికి దిగింది. నాలుగు నెలల్లోనే పది శాతానికి మించి పడిన వస్తువు మీద 90 శాతం అప్పు తీసుకుంటే, ఇంకోసారి అంత పడినప్పుడు తేడా కట్టమని బ్యాంకు అడుగుతుంది, కట్టలేకపోతే వేలం వేస్తుంది. ఇంకొక మాట. ఇంత పొడుగు లేఖలో ఆ బంగారం ఎవరిదో ఆవిడ అభిప్రాయం ఒక్క వాక్యంలోనైనా లేదు.

ఇక హామీ సంతకం. దీని గురించి నాకు ఓపిక తక్కువ. లక్ష రాయించుకుని 90,000 చేతిలో పెట్టి, రోజుకు వెయ్యి చొప్పున వంద రోజులు వసూలు చేసే పద్ధతి గురించే మీరు రాశారు. ‘పది వేలే కదా వడ్డీ’ అని బాబాయిగారు అన్నారట. రోజూ అసలు కొంత తీరిపోతూ ఉంటుంది కనుక, నిజంగా ఆయన చేతిలో ఉండే డబ్బు సగటున ఆ 90,000లో సగమే. ఆ లెక్కన ఇది ఏడాదికి దాదాపు 80 శాతం వడ్డీ. మామూలు అమ్మకంలో నూటికి అరవై వంతులు కూడా లేని రోజున సైతం సాయంత్రం ఏడింటికల్లా గల్లా పెట్టె దగ్గరకు మనిషి వచ్చి నిలబడతాడు. హామీదారుకు అసలు అప్పుదారుతో సమానమైన బాధ్యత ఉంటుందని కాంట్రాక్టు చట్టమే చెబుతోంది, ముందు ఆయన్ను అడిగి తర్వాతే మిమ్మల్ని అడగాలన్న నియమం వాళ్ళకేమీ లేదు. పైగా ఇలాంటి చోట ప్రోనోటుతో పాటు ఖాళీ చెక్కులు కూడా తీసుకుంటారు, ఆ చెక్కు బౌన్సయితే క్రిమినల్ కేసు అవుతుంది. 2015 డిసెంబరులో కాల్‌మనీ (అధిక వడ్డీకి అప్పిచ్చి, వేధించి వసూలు చేసే దందా) పేరుతో బెజవాడ పరువు దేశమంతా వినిపించింది. ఆ రోజుల్లో నా దగ్గరకు వచ్చిన ఒకాయన తోడల్లుడి కోసం రెండు ఖాళీ చెక్కుల మీద సంతకం పెట్టి ఉన్నాడు. తోడల్లుడు ఊరు విడిచి వెళ్ళాడు, ఈయన పటమటలోని పోర్షన్ అమ్మి తీర్చాడు. సంతకం పెట్టవద్దు. మొహమాటమైతే నా పేరు చెప్పండి. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో అప్పిచ్చే యాప్‌ల ఊసు అసలే ఎత్తనివ్వవద్దు.

అయితే మెస్‌ను వదిలేయమని నేను చెప్పడం లేదు. మీరు పంపిన అంకెలను ఒకసారి ఆయన పక్కన కూర్చుని తిరగరాయండి. భోజనం 80 రూపాయలు, బియ్యం, కూరలు, నూనె, గ్యాసు, ప్యాకింగు కలిపి 44, అంటే ఒక్కొక్క భోజనం మీద మిగిలేది 36. అద్దె 24,000, నలుగురు పనివాళ్ళ జీతాలు 48,000, కరెంటు, నీళ్ళు 6,000, వెరసి నెలకు 78,000. ఇప్పుడు రోజుకు 60 భోజనాలు పోతున్నాయి, నెలకు 26 రోజులు. వచ్చే మిగులు 56,160 మాత్రమే కనుక, నెలనెలా దాదాపు 22,000 నష్టం. ఆయన అడిగిన 4 లక్షల్లో అద్దె బకాయికి 96,000, వెనుక ఖాళీ స్థలంలో షెడ్డుకు 1,40,000, పాత్రలకు, డబ్బాలకు 44,000 పోగా మిగిలే 1,20,000 ఈ నష్టాన్ని ఐదు నెలలు మోస్తుంది. వేసవి సెలవులకు హాస్టళ్ళు మళ్ళీ ఖాళీ అయ్యే సమయానికి డబ్బు అయిపోతుంది, అప్పు మిగులుతుంది.

నష్టం లేకుండా నడవాలంటే రోజుకు 84 భోజనాలు పోవాలి. అద్దె మార్చి వరకు 16,000కు తగ్గితే 75 చాలు. అంటే లోటు రోజుకు పదిహేను భోజనాలు! ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగి మీ వీధిని తలుచుకోండి. మీ అపార్టుమెంటులో, పక్క రెండిటిలో ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు, వంటమనిషిని మానిపించుకున్న కుటుంబాలు, ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారు? పదిహేను నెలవారీ క్యారేజీలు కుదిర్చి, నెల డబ్బు ముందుగానే ఇప్పించగలిగితే, ఆయనకు వడ్డీ లేని పెట్టుబడీ వస్తుంది, రోజూ ఎంత వండాలో ముందే తెలుస్తుంది, వృథా తగ్గుతుంది. స్టీలు క్యారేజీ ఇంటివాళ్ళదే అయితే ప్యాకింగు ఖర్చూ మిగులుతుంది. డెలివరీ యాప్‌లలో చేరవచ్చు గాని, 80 మీద కమీషను 20 శాతమైనా 36లో 16 అక్కడే పోతుంది.

మెస్ ఉన్న ఇంటి యజమానితో మాట్లాడే పనికి మీరే వెళ్ళండి, అప్పుల్లో ఉన్న మనిషి గట్టిగా మాట్లాడలేడు. మెస్ అడ్వాన్సు 1,50,000 ఆయన దగ్గరే ఉందని రాశారు కదా, బకాయి 96,000 అందులో సర్దుకుని, మార్చి వరకు అద్దె 16,000కు తగ్గించమనండి. ఈ డిసెంబరులో టు-లెట్ బోర్డు పెడితే అద్దెకు దిగేవాడు దొరకడని ఆయనకూ తెలుసు.

షెడ్డు అనవసరం. కిటికీలు మూసిన ఏసీ గదిలో పక్కపక్కనే కూర్చుని తినడానికి కరోనా భయంతో జనం జంకుతున్నారన్న మాట నిజమే, గాలాడే చోటు కావాలి. కానీ మన ఊరి చలికాలం బయట కూర్చోలేనంత చలికాలమేమీ కాదు. వెనుక స్థలంలో అద్దె షామియానా వేసి, ఎడంగా ఆరు బల్లలు పెడితే ఫిబ్రవరి దాకా గడిచిపోతుంది. ఏసీ ఆపేస్తే కరెంటు బిల్లూ దిగుతుంది.

అప్పు తప్పనిసరి అయితే దానికి చోటు బ్యాంకు. ఆయనకు ముద్రా రుణం (చిన్న వ్యాపారులకు కేంద్ర పథకం కింద బ్యాంకు ఇచ్చే అప్పు) ఉంది, 2020 ఫిబ్రవరి 29 నాటికి బాకీ 3,40,000. కేంద్రం 2020 మే నెలలో తెచ్చిన అత్యవసర రుణ హామీ పథకం కింద అందులో 20 శాతం, అంటే 68,000, కొత్తగా దొరుకుతుంది. బ్యాంకులో వడ్డీ 9.25 శాతం మించదు, మొదటి ఏడాది వడ్డీ కడితే చాలు, అసలు కట్టనక్కర్లేదు, అదనపు తాకట్టు గాని, మీ సంతకం గాని అడగరు. గడువు 2021 మార్చి 31. ఫిబ్రవరి నాటికి వాయిదాలు 60 రోజులకు మించి బకాయి పడి ఉండకూడదన్న షరతు ఒక్కటి చూసుకోండి. మెస్ ముందు టీ బండి నడిపే ఆవిడ సంగతి కూడా అడిగారు. ఆమెకు వీధి వ్యాపారుల కోసం కేంద్రం పెట్టిన స్వనిధి గాని, 2020 నవంబరు 25న రాష్ట్రం మొదలుపెట్టిన జగనన్న తోడు గాని, అప్పుగా 10,000 ఇప్పిస్తుంది, వార్డు సచివాలయంలో అడగమనండి.

మళ్ళీ నా పాత పాటకే, అత్యవసర నిధి మాటకే వస్తాను. పదిహేనేళ్ళు బాగా నడిచిన మెస్‌కు మూడు నెలల అద్దె, జీతాలకు సరిపడా నిధి లేకపోవడం కరోనా తెచ్చిన కష్టం కాదు. మంచి రోజుల్లో రోజుకు 140 భోజనాలు పోయినప్పుడు వచ్చిన మిగులంతా నున్న ఊరి దగ్గర కొన్న స్థలంలోకి, పెద్దమ్మాయి పెళ్ళిలోకి వెళ్ళింది. గల్లా పెట్టెలోంచే ఇంటి పాలు, పిల్లల ఫీజులు, సరుకుల బాకీ అన్నీ కట్టే వ్యాపారంలో ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. స్థలం అమ్మితే ఇప్పుడు ధర రాదని ఆయన అంటున్నారట. తన స్థలానికి ధర రాదని ఆగిన మనిషి, మీ ఇంటి బంగారం కుదువపెట్టవచ్చని ఎలా అనుకుంటున్నారో మర్యాదగానే అడగండి. క్యారేజీల ముందస్తు డబ్బు వేరే ఖాతాలో వేయించి, భోజనాలు 84 దాటిన రోజు నుంచి రోజుకు 500 అందులోనే ఉంచమనండి. మూడు నెలల స్థిర ఖర్చు 2,34,000 చేరేదాకా ఆ ఖాతా ఏటీఎం కార్డు ఇంటి ఆడవాళ్ళ దగ్గర ఉంటే మంచిది. నలుగురు పనివాళ్ళకు కేంద్ర ప్రభుత్వ జీవనజ్యోతి (జీవిత బీమా), సురక్షా (ప్రమాద బీమా) రెండూ కలిపి ఈ 2020లో తలకు ఏడాదికి 342 రూపాయలే, అది మాత్రం ఈ నెలలోనే కట్టించండి.

మీరు స్వయంగా ఏదైనా ఇవ్వదలచుకుంటే, జీతంలోంచి నెలకు 2,000 మించకుండా, మార్చి వరకు, భోజనాల కూపన్ల రూపంలో ఇవ్వండి. తిరిగి రాకపోయినా మీ ఇంట్లో గొడవ రాని మొత్తం అది. మరో సంగతి మీరు అసలు అడగలేదు గాని, నాకు అన్నిటికన్నా ముందు కనిపించింది. కంపెనీ ఇచ్చిన రెండు లక్షల ఆరోగ్య బీమాలో మీ అమ్మానాన్నలు లేరు. నాన్నగారికి 63, అమ్మగారికి 58 అన్నారు కనుక ఇద్దరికీ కరోనా కవచ్ (2020లో వచ్చిన, కరోనా చికిత్సకు మాత్రమే వర్తించే స్వల్పకాలిక పాలసీ) ఇంకా దొరుకుతుంది, 65 దాటితే ఇవ్వరు. తొమ్మిదిన్నర నెలల కాలానికి చెరి ఐదు లక్షలకు తీసుకోండి, కరోనా తగ్గాక మామూలు ఆరోగ్య బీమా సంగతి చూద్దాం. పాలసీ తీసుకున్నాక పదిహేను రోజుల వరకు క్లెయిము రాదు. సంక్రాంతికి మీ ఇంటికి హైదరాబాదు నుంచి చుట్టాలు వస్తారని రాశారు, వాళ్ళు గుమ్మం ఎక్కేనాటికి అది అమల్లో ఉండాలంటే డిసెంబరు 28లోగా ప్రీమియం కట్టేయాలి.