వేళ్ళకు బుడిపెలు: రోగమా, బలమా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె, ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో. మేడ మీద గ్రో బ్యాగుల్లో అనప (గింజ చిక్కుడు) వేశాం. కాపు అయ్యాక మొక్కలు పీకితే వేళ్ళ నిండా చిన్నచిన్న బుడిపెలు! పురుగు పట్టింది, మట్టి పారేయమని పక్కింటావిడ అంటోంది. మా అత్తగారేమో అదే బలం, వచ్చే పంటకు ఎరువే అక్కర్లేదంటున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: మట్టి ఇంకా పారేయలేదు కదా? ముందు ఒక బుడిపెను గోటితో గిల్లి చూడండి. వేరు పక్కన అతికించినట్టుండి ఇట్టే ఊడొస్తే అది మొక్కకు మేలు చేసే రైజోబియం అనే బాక్టీరియా కట్టుకున్న ఇల్లు. అలా కాక వేరు తానే ఉబ్బి ముడులు పడ్డట్టుంటే అది వేళ్ళలో చేరే నులిపురుగుల (నెమటోడ్ల) పని, అప్పుడు పక్కింటావిడ మాటే నిజం, ఆ మట్టిలో వంగ, టమాటా అస్సలు వేయకండి.

కాపు మీదున్న మొక్క బుడిపెను చిదిమితే లోపల గులాబీ రంగుగా ఉంటుంది (ముసలి మొక్కలో ఆ రంగు పోతుంది, కంగారు పడొద్దు). మన నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చుట్టం లాంటి పదార్థం అది. మొక్క పెరగాలంటే నైట్రోజన్ కావాలి. గాలిలో 78 శాతం నైట్రోజనే అయినా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు, బాక్టీరియా మార్చి ఇవ్వాలి, ఆ పని చేసే ఎంజైమేమో ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది, మరి బాక్టీరియా బతకాలంటే ఆక్సిజన్ కావాలి! అందుకే ఈ గులాబీ పదార్థం ఆక్సిజన్‌ను పట్టి ఉంచి కొంచెం కొంచెంగా అందిస్తుంది. కూలి కింద మొక్క బాక్టీరియాకు చక్కెర ఇస్తుంది. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే శాస్త్రవేత్తలు 1888లో ఈ బుడిపెల గుట్టు బయటపెట్టారు, మనవాళ్ళు ఆ గొడవేమీ లేకుండానే రాగి చేలో అనప సాళ్ళు వేసుకున్నారు.

ఇక మీ అత్తగారి మాట సగమే నిజం. ఆ నైట్రోజన్‌లో ఎక్కువ భాగం గింజల్లోకి పోయింది, దాన్ని మీరు పులుసు పెట్టుకుని తినేశారు. మిగిలిన కాస్తా వేళ్ళతో సహా పీకేశారు! ఈసారి మొదలు దగ్గర కోసి వేళ్ళు మట్టిలోనే వదిలేయండి, ఆకులు కూడా అందులోనే కప్పెట్టండి. జనుము, జీలుగ లాంటి పచ్చిరొట్ట పైర్లను గింజ పట్టకముందే, పూతలోనే దున్నేసేది ఇందుకే. వంగ పెట్టేటప్పుడు మాత్రం వర్మీకంపోస్టు వేయాల్సిందే. అనపకు యూరియా వేయకండి, నైట్రోజన్ ఊరికే దొరికితే మొక్క బుడిపెలు పెట్టదు.

కొత్తగా కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు)తో బ్యాగులు నింపితే అందులో ఈ బాక్టీరియా ఉండకపోవచ్చు. రైజోబియం పొడిని బెల్లం నీళ్ళలో కలిపి గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తండి. ఊళ్ళో చేలో మట్టి గుప్పెడు తెచ్చి కలిపినా పనవుతుంది కానీ దాంతోపాటు నులిపురుగులు కూడా బస్సెక్కి వస్తాయేమో చూసుకోండి.