నాలుగు గొంతుల కచేరీ

ప్రశ్న: 1990లలో మా ఇంట్లో టీవీకి తగిలించి ఆడుకొనే వీడియో గేమ్ ఉండేది. కీబోర్డు నేర్చుకుంటున్న మా అబ్బాయి మొన్న అందులోని 'సూపర్ మారియో బ్రదర్స్' సంగీతం వాయిస్తుంటే నాకు ముచ్చటేసింది గాని, త్యాగరాజ కీర్తనలు తప్ప మరేవీ వినని మా మామగారు "అదేం సంగీతమమ్మా, కీచుమనే చప్పుడు" అని కొట్టిపారేశారు. అందులో నిజంగా చెప్పుకోదగిన పనితనం ఉన్నదా?
— ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఉన్నది. మీ మామగారికి వినిపించిన కీచుదనమూ అబద్ధం కాదు. ఆ యంత్రం గొంతే అంత. 1985లో వచ్చిన ఆ ఆటకు సంగీతం కూర్చిన కోజీ కొండో వాడుకున్నవి నాలుగే గొంతులు: వరుస పలకడానికి రెండు, మంద్రానికి ఒకటి, ఉత్త రొద పుట్టించేది ఒకటి. మంద్రం గొంతుకు పలకడమో ఊరుకోవడమో తప్ప ధ్వనిని పెంచడం, తగ్గించడం తెలియదు. రొదను చిన్న ముక్కలుగా తుంచి ఆయన తాళవాద్యంగా మలచుకున్నారు. బొమ్మలతో సహా ఆట మొత్తం 40 కిలోబైట్లే. (మన ఊళ్ళలో అమ్మిన నకలు క్యాసెట్ల మీద 9999999 ఆటలని అచ్చువేసి, లోపల పట్టుమని పది పెట్టేవారు, అది వేరే కళ.)

అసలు చిక్కు మరొకటి. మారియో దూకినప్పుడు వచ్చే శబ్దానికి ప్రత్యేకంగా గొంతు లేదు కనుక, పాటలో ఉన్న గొంతుల్లో ఒకదానిని ఆ క్షణానికి లాక్కోవలసిందే. కచేరీ మధ్యలో వయొలిన్ విద్వాంసుణ్ణి మాటిమాటికీ లేపి తలుపు తీసి రమ్మన్నట్లుంటుంది. అయినా ఆడేవారికి పాట తెగినట్లే తోచదు. మిగిలిన గొంతులు నడకను పట్టుకొని ఉంటాయి.

నా మట్టుకు, అందరికీ తెలిసిన మొదటి పాటకన్నా భూగర్భంలో వినిపించేది గొప్పది. ఒక స్వరం, వెంటనే దాని పైస్థాయి జోడు. అలా మూడు జతలు, ఆపైన నిశ్శబ్దం. గుహ ఖాళీగా ఉన్నదని చెప్పేది ఆ నిశ్శబ్దమే. నీటి అడుగుకు వెళ్ళగానే నడక మూడు దెబ్బలకు మారి, ఈత కొట్టే బొమ్మతోపాటు ఊగుతుంది. తెర మీద తరిగిపోయే గడువు అంకె 100కు దిగితే అదే పాట వేగం పుంజుకొని ఆడేవారి చేతులను తొందరపెడుతుంది.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2023లో ఆ మొదటి పాటను తన జాతీయ ధ్వనిముద్రణల జాబితాలో చేర్చింది. వీడియో గేమ్ సంగీతానికి అందులో చోటు దక్కడం అదే మొదలు. అయితే మీ మామగారికి ఈ సంగతి చెప్పడంకన్నా, అబ్బాయి చేత నీటి అడుగు పాటను నెమ్మదిగా వాయింపించి, ఆయనను తిశ్రంలో, అంటే ఆ మూడు దెబ్బల నడకలో, తాళం వేయమనండి.