యాంటీవైరస్ కోసం లిబ్‌సీ6ను మార్చవద్దు

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 ఆపరేటింగ్ సిస్టం ఉంది. ఒక సైటు నుంచి క్లామ్‌ఏవీ యాంటీవైరస్ డెబ్ ఫైలు డౌన్‌లోడ్ చేసి ఇన్‌స్టాల్ చేయబోతే, లిబ్‌సీ6 2.38 కావాలని, నా సిస్టంలో 2.35 మాత్రమే ఉందని చెప్పి ఆగిపోయింది. అప్పటి నుంచి వేరే సాఫ్ట్‌వేర్లు కూడా ఇన్‌స్టాల్ కావడం లేదు. కొత్త లిబ్‌సీ6ను విడిగా తెచ్చి బలవంతంగా వేసేయమని మిత్రుడు సలహా ఇస్తున్నాడు. వేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని మాత్రం చేయకండి. లిబ్‌సీ6 ఏదో ఒక్క ప్రోగ్రాముకు చెందిన లైబ్రరీ (ప్రోగ్రాములు వాడుకునే సిద్ధ కోడ్) కాదు. ఫైళ్ల జాబితా చూపే చిన్న ఆదేశం మొదలుకొని సాఫ్ట్‌వేర్లను ఎక్కించే ఆప్ట్ వరకు దాదాపు అన్నీ దాని మీదే నడుస్తాయి కాబట్టి, ఇంటి పునాదిలోని రాయిని లాగినట్లు దాన్ని బలవంతంగా మారిస్తే కంప్యూటర్ తిరిగి ఆన్ కాకపోయే ప్రమాదం కూడా ఉంది. పాత లిబ్‌సీ మీద తయారైన ప్రోగ్రాము సాధారణంగా కొత్తదాని మీద పనిచేస్తుంది కానీ, కొత్తదాని మీద తయారైనది పాతదాని మీద పనిచేస్తుందన్న హామీ లేదు. మీరు తెచ్చుకున్న ఫైలు ఉబుంటు 24.04 వంటి కొత్త విడుదల కోసం తయారైనదని ఆ 2.38 అంకే చెబుతోంది. కాబట్టి మార్చవలసింది లైబ్రరీని కాదు, ఆ ఫైలును.

ముందుగా టెర్మినల్‌లో సుడోతో (నిర్వాహక అధికారంతో) ఆప్ట్ ఇన్‌స్టాల్ ఆదేశానికి 'ఫిక్స్-బ్రోకెన్' ఐచ్ఛికాన్ని చేర్చి నడిపితే, సగంలో ఆగిన ప్యాకేజీని అది సాధారణంగా తొలగిస్తుంది. ఏమేమి తీసివేయబోతోందో చూపే జాబితాను చదివాకే అంగీకరించండి. ఇతర విడుదలలకు చెందిన రిపాజిటరీలు (సాఫ్ట్‌వేర్లు దిగుమతి అయ్యే భాండాగారాలు) ఏవైనా చేర్చి ఉంటే వాటినీ తీసివేసి, ఆప్ట్ అప్‌డేట్ చేసి, ఉబుంటు సొంత రిపాజిటరీ నుంచే క్లామ్‌ఏవీని ఇన్‌స్టాల్ చేయండి. అది మీ 2.35కు సరిపడేలా తయారైనదే.

ఇదే కోవలో మరో చిక్కు ఉంది. కొన్ని పాత యాంటీవైరస్ ప్యాకేజీలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌లోని పాత లైబ్రరీ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1ను అడుగుతాయి, 22.04లో మాత్రం ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 3 ఉంటుంది. ఆ పాత లైబ్రరీని ఎక్కడి నుంచో తెచ్చి పెట్టడం నాకు సమ్మతం కాదు, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1కు ఉచిత భద్రతా సవరణలు 2023 సెప్టెంబరులోనే ఆగిపోయాయి. రక్షణ కోసం వేసుకునే సాఫ్ట్‌వేర్‌కు సవరణలు లేని లైబ్రరీని ఆధారం చేయడం సరికాదు.

క్లామ్‌ఏవీ ఎక్కిన తరవాత, వైరస్ గుర్తులను తాజాపరిచే ఫ్రెష్‌క్లామ్‌ను మీరే నడిపితే లాగ్ ఫైలు లాక్ అయి ఉందన్న సందేశం రావచ్చు. దానికి కంగారు పడనక్కరలేదు. అదే పనిని నేపథ్యంలో ఒక సర్వీసు ఇప్పటికే చేస్తోందని అర్థం. వైరస్ గుర్తుల డేటాబేస్ దిగడం పూర్తయ్యాక క్లామ్‌స్కాన్‌తో మీ డౌన్‌లోడ్స్ ఫోల్డరును తనిఖీ చేయండి. నేపథ్యంలో ఎప్పుడూ నడిచే క్లామ్‌డీ స్కానింగ్ సర్వీసు ఒక్కటే 1 జీబీకి పైగా ర్యామ్ తీసుకుంటుంది కనుక, ల్యాప్‌టాప్‌లో మెమరీ తక్కువగా ఉంటే దాన్ని ఆపివేసి, అవసరమైనప్పుడు క్లామ్‌స్కాన్ నడుపుకోవడమే మేలు.